కేబుల్ పట్టుకుని చూసే ప్రొఫెసర్

ఈ మధ్య ఒక ప్రొఫెసర్ గారి పదవీ విరమణ సభ వీడియో చూశాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ శాఖ, ఆయన రంగం యాంటెన్నాలు. పరిచయం చేస్తున్నాయన చేతిలో కాగితం పట్టుకుని చదువుకుంటూ పోయాడు. జర్నల్ పేపర్లు ఇన్ని, కాన్ఫరెన్స్ పేపర్లు ఇన్ని, సైటేషన్లు (ఆయన పేపర్లను వేరేవాళ్ళు ఉదహరించిన సార్లు) ఇన్ని, హెచ్-ఇండెక్స్ (ఆ సైటేషన్లను బట్టి వేసే అంకె) ఇంత, పేటెంట్లు, పీహెచ్‌డీలు, తెచ్చిన ప్రాజెక్టుల మొత్తం. ప్రతి అంకె దగ్గరా చప్పట్లు. ఆయన చేసిన యాంటెన్నా ఏది, అది ఎక్కడ పనిచేస్తోంది, ఏ ప్రశ్న చుట్టూ ఆయన ఇన్నేళ్ళు తిరిగారు, ఒక్క ముక్క లేదు. పేరు మార్చేసి, కాంక్రీటు మీద పనిచేసిన ప్రొఫెసర్ సభలో చదివినా ఆ కాగితం సరిపోయేది.

నాకు ఆయనతో పరిచయం లేదు. కానీ ఆయన రాసినది ఒకటి నా ఉద్యోగంలో నిజంగా అక్కరకొచ్చింది. వేరేవాళ్ళ పేపరు మీద వ్యాఖ్యగా వచ్చిన చిన్న రాత అది. వాళ్ళు చెప్పిన బ్యాండ్‌విడ్త్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర) ఆ సైజులో ఎందుకు రాదో లెక్క వేసి చూపించారు. సైటేషన్ల వరసలో వెతికితే అది అట్టడుగున ఎక్కడో ఉంటుంది. సభలో చదివిన కాగితం మీద అయితే అసలు లేదు.

పేపర్ల లెక్క మీద ఫిర్యాదు పాతదే, ప్రతి రంగంలోనూ ఉన్నదే. నేను చెప్పదలచుకున్నది అంతకంటే ఇరుకైన సంగతి. యాంటెన్నాల రంగంలో ఈ లెక్క మిగతా చోట్ల కంటే ఎక్కువ మోసం చేస్తుంది. ఇక్కడ పేపరు రాయడం సులువు, అందులో ఉన్నది నిజమో కాదో తేల్చడం కష్టం. అందుకే ఒక యాంటెన్నా ప్రొఫెసర్ చేయగల పనుల్లో నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, "ఇది రాదు" అని చెప్పడం. ఊరికే రాదనడం కాదు, ఎంత వరకు వస్తుంది, ఎక్కడి నుంచి రాదు అన్నది అంకెతో చెప్పడం. ఆ పనికి ఏ ప్రమోషన్ ఫారంలోనూ గడి లేదు.

కొత్త సూత్రం దొరకని చోట

ఒక జీవశాస్త్ర ప్రొఫెసర్‌కు రేపు పొద్దున కొత్త ప్రోటీన్ దొరకొచ్చు. యాంటెన్నావాళ్ళకు ఆ ఆశ లేదు. మాక్స్‌వెల్ సమీకరణాలు 1860లలోనే వచ్చేశాయి. 1887, 88 సంవత్సరాల్లో కార్ల్స్‌రూలో ప్రొఫెసర్‌గా ఉన్న హెర్ట్జ్ డైపోల్ అనే రెండు కడ్డీల యాంటెన్నాతో తరంగాలు పంపించి, లూప్‌తో పట్టి, పారబోలా ఆకారపు రేకుతో వాటిని ఒకవైపుకు మళ్ళించి చూపించేశాడు. 1895 ప్రాంతంలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్రబోస్ మిల్లీమీటర్ల తరంగాలతో, హార్న్‌లతో ప్రయోగాలు చేశాడు. ఇవాళ 60 గిగాహెర్ట్జ్ అని గొప్పగా చెప్పుకునే చోటికి ఆయన అప్పుడే వెళ్ళొచ్చాడు.

అంటే ఈ రంగంలో కెరీర్ మొదలుపెట్టే మనిషికి మూల సూత్రాలు ముందే చేతిలో ఉంటాయి. మిగిలింది ఆకారం, పదార్థం, కొలత. వాటన్నిటి వెనక ఒక బేరం. సైజు తగ్గిస్తే బ్యాండ్‌విడ్త్ పోతుంది, బ్యాండ్‌విడ్త్ కావాలంటే ఎఫిషియెన్సీ (ఇచ్చిన శక్తిలో గాల్లోకి వెళ్ళే వంతు) పోతుంది, మూడూ కావాలంటే ఎక్కడో అబద్ధం ఉంటుంది.

ఈ బేరానికి హద్దు గీసింది కూడా ఈ రంగంవాళ్ళే. 1947లో హెరాల్డ్ వీలర్, 1948లో ఎంఐటీకి చెందిన లాన్ జెన్ చూ. యాంటెన్నాను ఒక ఊహా గోళంలో పెట్టండి, లోపల మీరు ఏ ఆకారమైనా గీసుకోండి, ఆ గోళం వ్యాసార్ధాన్ని బట్టి క్యూ (ఎంత పెద్దదైతే బ్యాండ్‌విడ్త్ అంత తక్కువ అని చెప్పే అంకె) ఇంతకంటే తగ్గదు అన్నది దాని సారాంశం. మెక్‌లీన్ 1996లో సరిచేసిన రూపంలో లెక్క వేస్తే, 900 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2.65 సెంటీమీటర్ల వ్యాసార్ధపు గోళంలో ఇమిడే యాంటెన్నాకు క్యూ కనీసం 10. అదే గోళాన్ని సగానికి కుదిస్తే 68. అంటే ఉజ్జాయింపుగా పది శాతం ఉన్న బ్యాండ్‌విడ్త్ ఒకటిన్నర శాతానికి పడిపోతుంది. లోపలి ఆకారాన్ని ఎన్ని వంకర్లు తిప్పినా ఈ అంకె మారదు.

మారుతుంది, ఒక్క దారిలో. నష్టం పెంచితే. నష్టాలు ఎక్కువున్న సబ్‌స్ట్రేట్ (యాంటెన్నాను ముద్రించే బోర్డు పదార్థం) వాడితే, సన్నటి గీతల్లో కరెంటు వేడైపోతే, బ్యాండ్‌విడ్త్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఈ రంగంలో పేపర్లు సులువుగా పుట్టేది సరిగ్గా ఇక్కడే.

డమ్మీ లోడ్ ముందు అందరూ ఓడిపోతారు

పేపర్ పుట్టే పద్ధతి ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఒక ప్యాచ్ (బోర్డు మీద చదునైన రేకు యాంటెన్నా) తీసుకుంటారు. దాంట్లో ఒక స్లాట్, అంటే సన్నటి గాడి, కోస్తారు. సిమ్యులేషన్‌లో ఆ స్లాట్ పొడవు, వెడల్పు, చోటు మారుస్తూ రాత్రంతా నడిపిస్తారు. పొద్దున్నే వచ్చి చూస్తే ఏదో ఒక కొలత దగ్గర ఎస్11 (వెనక్కి తిరిగొచ్చే శక్తి కొలత) గీత మైనస్ పది డీబీ (డెసిబెల్) కిందకి కావలసినంత మేర దిగి ఉంటుంది. బోర్డు ప్రింట్ చేయించి, కనెక్టర్ టంకం పెట్టి, ఆ గీతను కొలిచే నెట్‌వర్క్ అనలైజర్‌కు తగిలిస్తారు. సిమ్యులేషన్ గీత, కొలిచిన గీత పక్కపక్కన వేసి, రెండూ బాగా కలుస్తున్నాయి అని ఒక వాక్యం రాస్తారు. చివర్లో ఒక పట్టిక. ఇరవై మంది చేసిన యాంటెన్నాల పక్కన మాది, మాది చిన్నది, మాది మేలు.

ఎస్11 మైనస్ పది డీబీ అంటే పంపిన శక్తిలో పదో వంతే వెనక్కి వచ్చిందని అర్థం. మిగతా తొమ్మిది వంతులు గాల్లోకి వెళ్ళాయని ఆ గీత ఎక్కడా చెప్పలేదు. లోపలే వేడిగా మారి ఉండొచ్చు. ప్రపంచంలో ఎస్11 అన్నిటికంటే బాగుండే వస్తువు యాభై ఓమ్‌ల డమ్మీ లోడ్. ఏ యాంటెన్నా దాని ముందు నిలవదు. అది ఏమీ ప్రసారం చేయదు, చేయకపోవడమే దాని ఉద్యోగం.

ఈ మాట చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా సిమ్యులేషన్ బాక్సులో గెయిన్ (శక్తిని ఒకవైపుకు ఎంత గుమిగూర్చి పంపుతుందన్న కొలత) అంకె పచ్చగా కనిపిస్తున్నప్పుడు, సబ్మిషన్ గడువు దగ్గరకొచ్చినప్పుడు చెప్పడానికి ఎవరో ఒకరు కావాలి. మంచి గైడ్ దగ్గర ఉండే లెక్కలు చాలా చిన్నవి. ఒకసారి మా సెమినార్‌లో ఒకాయన 2.4 గిగాహెర్ట్జ్‌కు పన్నెండున్నర సెంటీమీటర్ల చదరపు బోర్డు చూపించి 15 డీబీ గెయిన్ అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసర్ తల పైకెత్తకుండానే అడిగారు, "తరంగదైర్ఘ్యం ఎంత?"

"పన్నెండున్నర సెంటీమీటర్లు సార్."

"అయితే మీ బోర్డు విస్తీర్ణం ఒక లాంబ్డా స్క్వేర్. దానికి నాలుగు పై (4π) గెయిన్ వస్తుంది, పదకొండు డీబీ. మిగతా నాలుగు ఎక్కడివి?" లాంబ్డా అంటే తరంగదైర్ఘ్యమే.

సైజుకు మించిన గెయిన్ రాబట్టే సూపర్‌డైరెక్టివిటీ అని సిద్ధాంతంలో ఒక మినహాయింపు ఉంది. దాన్ని సాధించాలంటే కరెంట్లు ఎంత నిక్కచ్చిగా అమరాలంటే, మామూలు ప్యాచ్‌కు అది అనుకోకుండా తగలదు. ఆ నాలుగు డీబీలు చివరికి సిమ్యులేషన్‌లో హద్దు గోడలు యాంటెన్నాకు మరీ దగ్గరగా పెట్టడం వల్ల వచ్చినవని తేలింది. నోటితో చేసిన లెక్క, నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషంతో ఒక తప్పు పేపరు పుట్టకుండా ఆగింది. పుట్టని పేపరును ఏ లెక్కలో వేస్తారు?

చేత్తో కేబుల్ పట్టుకున్న రోజు

ఇంకో సంగతి మా ల్యాబ్‌లోనే జరిగింది. ఒక సీనియర్ చాలా చిన్న యాంటెన్నా చేశాడు. కొలిస్తే సిమ్యులేషన్ కంటే ఎక్కువ బ్యాండ్‌విడ్త్ వచ్చింది. అనుకున్నదాని కంటే తక్కువ వస్తే అందరూ కారణం వెతుకుతారు. ఎక్కువ వస్తే ఎవరూ వెతకరు. పేపరు సగం రాసేశాడు.

గైడ్ వచ్చారు. అనలైజర్ తెర మీద గీత చూశారు. ఏమీ అనకుండా యాంటెన్నాకు వెళ్తున్న కేబుల్‌ను మధ్యలో గుప్పిట్లో పట్టుకున్నారు. తెర మీద డిప్ (గీతలోని పల్లం) పక్కకు జరిగింది. వదిలేశారు, వెనక్కి వచ్చింది. మళ్ళీ ఇంకో చోట పట్టుకున్నారు, ఇంకో వైపుకు జరిగింది.

"నువ్వు కొలుస్తున్నది యాంటెన్నానా, కేబులా?" అన్నారు.

చిన్న యాంటెన్నాకు గ్రౌండ్ చాలనప్పుడు కరెంటు కేబుల్ బయటి తొడుగు మీదకు పాకుతుంది. అప్పుడు కేబులే యాంటెన్నాలో సగం అవుతుంది. సైజు గోరంత అని మనం రాసుకుంటాం గానీ, నిజంగా ప్రసారం చేస్తున్న వస్తువు మీటరు పొడవుంటుంది. కేబుల్‌కు ఆ కరెంటును అడ్డుకునే ఫెర్రైట్ పూసలు తొడిగి మళ్ళీ కొలిస్తే, ఆ గొప్ప బ్యాండ్‌విడ్త్‌లో సగం కూడా మిగల్లేదు. పేపరు ఆగిపోయింది.

నేను ఈ కథను గైడ్ గొప్పతనానికి ఉదాహరణగా చాలామందికి చెప్పేవాణ్ణి. ఒకసారి ఆ సీనియర్ ముందే చెబితే నవ్వి, మిగతా సగం కూడా చెప్పమన్నాడు. మిగతా సగం ఇది. కొన్ని నెలల తర్వాత దాదాపు అదే యాంటెన్నా వేరే గ్రూపు పేరుతో ఒక మంచి జర్నల్‌లో వచ్చింది. ఫోటోలో కేబుల్ కనిపిస్తోంది, ఫెర్రైట్ కనిపించదు. దానికి సైటేషన్లు బాగానే వచ్చాయి. మా సీనియర్‌కు పీహెచ్‌డీ ఆలస్యమైంది, పోస్ట్‌డాక్‌కు అప్లై చేసినప్పుడు జాబితా చిన్నగా ఉంది. "సార్‌కి ఉద్యోగం పర్మనెంట్. ఆయన వద్దన్నదానికి బిల్లు నేను కట్టాను," అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. కాదనే హక్కు ప్రొఫెసర్‌ది, ఖర్చు విద్యార్థిది. నిజాయితీ మీద నేను రాస్తున్న ఈ వ్యాసం కూడా జీతం స్థిరంగా ఉన్న మనిషి రాస్తున్నదే. అయితే ఆ సీనియర్ థీసిస్‌లో కేబుల్ గురించి ఒక అధ్యాయం చేరింది. ఎలా కనిపెట్టాలి, ఎలా ఆపాలి, ఎంత తేడా వస్తుంది అని. ఆ అధ్యాయం అతని తర్వాత ల్యాబ్‌లో చేరిన ప్రతివాళ్ళ చేతికీ మొదటి వారంలోనే వెళ్తుంది. అది జర్నల్‌లో రాలేదు. రావలసింది. రాకపోవడంలో గైడ్ తప్పు ఉందని నా అభిప్రాయం. పేపరు ఆపడంతో తన పని అయిపోయిందనుకున్నారు. ఆ ఆగిన కారణాన్నే పేపరుగా రాయించాల్సిన బాధ్యత కూడా ఆయనదే.

అయితే క్రాస్ సంగతేమిటి?

నా వాదనకు అన్నిటికంటే గట్టి ఎదురుదెబ్బ చరిత్రలోనే ఉంది. ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో జాన్ క్రాస్ అనే ప్రొఫెసర్. 1946లో ఒక పేరున్న శాస్త్రవేత్త వచ్చి ట్రావెలింగ్ వేవ్ ట్యూబు (మైక్రోవేవ్ సిగ్నల్‌ను పెంచే పరికరం) మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ట్యూబులో తరంగాన్ని నడిపించేది స్ప్రింగులా చుట్టిన తీగ, హెలిక్స్. ఉపన్యాసం అయ్యాక క్రాస్ వెళ్ళి దీన్ని యాంటెన్నాగా వాడొచ్చా అని అడిగాడు. లేదు, నేను ప్రయత్నించి చూశాను, పనిచేయదు అని జవాబు. క్రాస్ ఇంటికి వెళ్ళి, చుట్టుకొలత ఒక తరంగదైర్ఘ్యం ఉండేలా ఏడు చుట్లు చుట్టాడు. 12 సెంటీమీటర్ల తరంగంతో నడిపిస్తే కొస నుంచి సన్నటి బీమ్ వచ్చింది, అదీ సర్క్యులర్ పోలరైజేషన్‌తో (విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ వెళ్ళే తీరు). తర్వాత ఆ హెలిక్స్‌లే ఉపగ్రహాల మీదకు ఎక్కాయి. జీపీఎస్ ఉపగ్రహాల మీద భూమివైపు చూసే యాంటెన్నా అలాంటి హెలిక్స్‌ల గుంపే.

మరి కాదనడం గొప్ప పని అని నేను అంటుంటే, ఈ రంగంలో చెప్పుకోదగ్గ కెరీర్లలో ఒకటి కాదన్న మాట వినకపోవడం వల్ల మలుపు తిరిగింది. చాలా రోజులు ఇది నన్ను ఇబ్బంది పెట్టింది. కథను మళ్ళీ జాగ్రత్తగా చదివాక అర్థమైంది. ఆ అతిథి పనిచేయదు అన్నాడు గానీ, ఎంత సైజులో పనిచేయదో చెప్పలేదు. ట్యూబులో వాడే హెలిక్స్ తరంగంతో పోలిస్తే చాలా సన్నది. అంత సన్నదాంట్లో నుంచి కొస వైపుకు బీమ్ రాదు, నిజమే. చుట్టు పెద్దదైతే ఎలాగో ఒకలా ప్రసారం కాక తప్పదని క్రాస్‌కు తట్టింది. ఇద్దరి మాటా నిజమే, వేరువేరు చుట్టు సైజుల దగ్గర. అంకె లేకుండా చెప్పిన "రాదు" పెద్దరికం మాత్రమే అవుతుంది. చూ చెప్పిన "రాదు"లో గోళం వ్యాసార్ధం ఉంది. కేబుల్ పట్టుకున్న ప్రొఫెసర్ కూడా నోటితో కాదు, తెర మీద జరిగిన గీతతో చెప్పారు.

ఇంకోటి. క్రాస్ తీగ చుట్టిన ఆ పూట దగ్గరే ఆగిపోలేదు. చుట్ల సంఖ్య, వాలు, వ్యాసం మారుస్తూ క్రమంగా కొలిచి, తర్వాత వచ్చేవాళ్ళు డిజైన్ చేసుకోగలిగే సూత్రాలుగా పెట్టాడు. 1950లో యాంటెన్నాల మీద పాఠ్యపుస్తకం రాశాడు, తరాల తరబడి విద్యార్థులు దాని మీదే చదువుకున్నారు. ఆయన కట్టించిన పెద్ద రేడియో టెలిస్కోపు బిగ్ ఇయర్ 1977లో వావ్ సిగ్నల్ (ఎక్కడిదో కచ్చితంగా తేలని అంతరిక్ష సంకేతం) పట్టి ప్రసిద్ధికెక్కింది. 1998లో దాన్ని పడగొట్టారు, ఆ స్థలం గోల్ఫ్ కోర్సు విస్తరణకు పోయింది. పుస్తకం మాత్రం ఆ తర్వాత కూడా కొత్త ముద్రణకు వెళ్ళింది. పాఠ్యపుస్తకం రాయడానికి పెట్టిన ఏళ్ళలో ఎన్ని పేపర్లు వచ్చేవి అని లెక్కపెట్టే కమిటీకి ఆయన దొరికి ఉంటే ఏమయ్యేదో!

లెక్క మాత్రమే చేసేవాళ్ళు తక్కువా?

కొలత కొలత అని నేను ఇంతగా అంటుంటే, సిమ్యులేషన్ చేసేవాళ్ళంటే నాకు చిన్నచూపు అనుకోవచ్చు. కాదు. సిరక్యూస్ యూనివర్సిటీలో రోజర్ హారింగ్టన్ 1968లో మొమెంట్ పద్ధతిని (కరెంటును ముక్కలుగా విడగొట్టి లెక్కవేసే తీరు) ఒక పుస్తకంగా కూర్చకపోతే మేము ఇవాళ తీగ యాంటెన్నాలను కంప్యూటర్‌లో వేసుకునే తీరు వేరేగా ఉండేది. హెచ్ఎఫ్ఎస్ఎస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్న జోల్టాన్ సెండెస్ కార్నెగీ మెలన్‌లో ప్రొఫెసర్‌గా ఉండేవాడు. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ సీఎస్‌టీ వెనక ఉన్న థామస్ వైలాండ్ డార్మ్‌స్టాట్‌లో ప్రొఫెసర్‌గా ఉండేవాడు. స్లాట్లు కోసే పేపర్లు రాత్రంతా నడిచేది వీళ్ళు కట్టిన పనిముట్ల మీదే. వీళ్ళు చేసింది నేను అడుగుతున్న పనే. జవాబు ఎంత తప్పో చెప్పగలిగే పద్ధతి తయారుచేయడం. మెష్ (లెక్క కోసం యాంటెన్నాను ముక్కలు చేసే వల) సన్నం చేస్తూ పోతే అంకె నిలబడుతుందా లేదా అన్న పరీక్ష వాళ్ళు పెట్టి ఇచ్చారు. ఆ పరీక్ష నడపకుండా గీత ఒక్కటే తీసుకునేది మనం.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. మైక్రోస్ట్రిప్ యాంటెన్నా (పైన చెప్పిన ప్యాచ్ లాంటిది) ఆలోచనను డెషాంప్స్ 1953లో చెప్పాడు. తక్కువ నష్టం ఉండే సబ్‌స్ట్రేట్‌లు వచ్చి, మన్సన్, హావెల్ లాంటివాళ్ళు దాన్ని పనికొచ్చే వస్తువుగా చేసేసరికి 1970లు వచ్చాయి. మధ్యలో రెండు దశాబ్దాలు. ఇవాళ్టి మూల్యాంకనం మూడేళ్ళు, అయిదేళ్ళు. అంతలో సైటేషన్ రాని పని పనే కాదు.

గది లేనివాళ్ళ మాట

నాకు తెలిసిన ఒక యువ అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో ఇదంతా చెబితే ఆవిడ విసుక్కుంది. "ఎనెకోయిక్ (తరంగాలు గోడల నుంచి తిరిగిరాని) ఛాంబర్ ఉన్నవాళ్ళు చెప్పే కబుర్లు ఇవి. మాకు ఛాంబర్ లేదు. పక్క యూనివర్సిటీలో టైము దొరకాలంటే వాళ్ళ ప్రాజెక్టులన్నీ అయ్యాక, అదీ రాత్రిళ్ళు. ఎస్11 వేసి పేపరు పంపకపోతే నేనేం చెయ్యాలి?"

న్యాయమైన మాట. ఛాంబర్ చిన్న ఖర్చు కాదు. కార్బన్ నింపిన నురగ శంకువులు గోడల నిండా అతికించాలి. తక్కువ ఫ్రీక్వెన్సీకి వెళ్ళేకొద్దీ ఆ శంకువులు పెద్దవి కావాలి, గది ఇంకా పెద్దది కావాలి. పది గిగాహెర్ట్జ్ దగ్గర ఒక మీటరు డిష్‌ను సూటిగా ఫార్ ఫీల్డ్‌లో (బీమ్ పూర్తిగా రూపు కట్టే దూరంలో) కొలవాలంటే అరవై ఏడు మీటర్ల దూరం కావాలి. ఏ గదిలో ఉంటుంది? అందుకే నియర్ ఫీల్డ్‌లో, అంటే దగ్గర్లోనే, కొలిచి లెక్కతో దూరానికి మార్చుకుంటారు, దానికి మళ్ళీ స్కానర్ కావాలి. ఛాంబర్ ఉన్న విభాగాల్లో కూడా కథ వేరే. శంకువుల కొసలు తిరిగేవాళ్ళ భుజాలు తగిలి విరిగిపోయి ఉంటాయి, అతికించే మనిషి రిటైరై ఉంటాడు. (ఆ మనిషి పేరు ఏ పేపరు మీదా ఉండదు. అదొక వ్యాసం అవుతుంది, ఇంకోసారి.)

కానీ నేను అడుగుతున్నదంతా ఛాంబర్‌తో ముడిపడినది కాదు. కేబుల్ చేత్తో పట్టుకోవడానికి ఛాంబర్ అక్కర్లేదు. లాంబ్డా స్క్వేర్‌కు నాలుగు పై అని లెక్క వేయడానికి పెన్ను కూడా అక్కర్లేదు. చిన్న యాంటెన్నా ఎఫిషియెన్సీ తెలుసుకోవడానికి అదే వీలర్ 1959లో ఒక పద్ధతి చెప్పాడు. యాంటెన్నా మీద తగిన సైజు లోహపు మూత బోర్లించి కొలవండి, తీసేసి కొలవండి. మూత ఉన్నప్పుడు ప్రసారం ఆగిపోయి నష్టం మాత్రం మిగులుతుంది. రెండు అంకెల తేడా నుంచి ఎఫిషియెన్సీ వస్తుంది. లోపాలున్నాయి, పెద్ద యాంటెన్నాలకు కుదరదు, మూత అంచులు సరిగ్గా ఆనకపోతే అంకె ఊగుతుంది. అయినా ఏమీ తెలియకపోవడం కంటే నయం. ఈ మాట చెబితే ఆవిడ, "రివ్యూయర్ అడిగితే చేస్తాం, అడగరు కదా," అంది. ఇక్కడ నేను ఓడిపోయాను. అడగాల్సిన రివ్యూయర్లు కూడా ప్రొఫెసర్లే. రివ్యూ చేయడానికి ఒక ఆదివారం పోతుంది, ఆ ఆదివారం కూడా ఏ కాగితం మీదా లెక్కకు రాదు.

ఎవరి పేరు మిగులుతుంది

పేరు గురించి తలుచుకుంటే యాగీ యాంటెన్నాతో మొదలుపెట్టక తప్పదు. జపాన్ తోహోకు ఇంపీరియల్ యూనివర్సిటీలో 1926లో దాన్ని తయారుచేసిన పనిలో ఎక్కువ భాగం షింతారో ఉదా చేతుల మీదుగా జరిగింది. హిదెత్సుగు యాగీ ఆయన పైన ఉన్న ప్రొఫెసర్. 1928లో అమెరికన్ జర్నల్‌లో ఇంగ్లిషులో రాసింది యాగీ. అందులో ఉదా పని గురించి ఆయన చెప్పాడు కూడా, దాచలేదు. అయినా ఇంగ్లిషు చదివే లోకానికి అందింది ఒక్క పేరే. ఇప్పుడు పుస్తకాల్లో యాగీ-ఉదా అని రాస్తున్నాం గానీ, ఇళ్ళ మీద ఆ యాంటెన్నాలు బిగించినవాళ్ళు ఎవరూ ఉదా పేరు వినలేదు. యాగీ చెడ్డవాడని నేను అనను. పేపర్లను లెక్కపెట్టే పద్ధతి అప్పటికి రాకపోయినా, ఎవరు ఏ భాషలో, ఏ జర్నల్‌లో రాశారన్నది అప్పుడే పేరును నిర్ణయించింది.

దీనికి పక్కన రాజేశ్వరి ఛటర్జీ గారి కెరీర్‌ను పెట్టి చూడాలనిపిస్తుంది. మిషిగన్‌లో పీహెచ్‌డీ చేసి 1953లో తిరిగొచ్చి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. భర్త శిశిర్ కుమార్ ఛటర్జీతో కలిసి మైక్రోవేవ్ పరిశోధనకు ల్యాబ్ కట్టుకున్నారు, యాంటెన్నాల మీద పనిచేశారు, ఇరవై మంది దాకా పీహెచ్‌డీలు చేయించారు. కొనే దారి లేక కొలిచే పరికరాలను కూడా సొంతంగా సమకూర్చుకోవాల్సిన రోజుల్లో ఒక ల్యాబ్ నిలబెట్టడం అంటే ఏమిటో మైక్రోవేవ్ బెంచి ముందు ఒక్క రోజైనా కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. ఆవిడ పేరుతో ఒక యాంటెన్నా లేదు. ఆవిడ దగ్గర కొలవడం నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు.

యాంటెన్నా విద్యార్థుల్లో చాలామంది పేపర్లు రాయని చోటికి వెళ్ళిపోతారు. ఫోన్ల కంపెనీలకు, రాడార్లకు, ఉపగ్రహాలకు. వాళ్ళ పని రహస్యం, లేదంటే ప్రచురించే తీరిక లేదు. 2010లో ఐఫోన్ 4ను ఒక పద్ధతిలో పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని గోల జరిగింది గుర్తుందా? చెయ్యి తగిలితే ఏమవుతుందో ముందే కొలిచి చూడటం ఇప్పుడు ఫోన్ల పనిలో రోజువారీ సంగతి. ఆ కొలిచేవాళ్ళ వెనక ఎక్కడో ఒక ల్యాబ్‌లో, కేబుల్ గుప్పిట్లో పట్టుకుని చూపించిన మనిషి ఉంటారు. ఆ ఫోను ఎన్ని కోట్లమంది చేతుల్లో ఉన్నా ప్రొఫెసర్ గారి హెచ్-ఇండెక్స్ ఒక్క అంకె కూడా పెరగదు.

మరి కమిటీ ఏం చెయ్యాలి

ఇక్కడిదాకా చదివినవాళ్ళు అడిగే ప్రశ్న నాకు తెలుసు. పేపర్ల లెక్క వద్దు సరే, బదులు ఏమిటి? కాదన్న సందర్భాలను లెక్కపెడతారా? పెడితే రేపటి నుంచి అందరూ అడ్డం తిరిగి కాదనడమే పనిగా పెట్టుకుంటారు. పైగా లెక్కకు ఒక సుగుణం ఉంది, ఒప్పుకోవాలి. పెద్దవాళ్ళ సిఫారసుతో, ముఖం చూసి పదవులిచ్చే చోట, ఎవరి అండా లేని మనిషికి అంకె ఒక్కటే ఆధారం. "ఆయన జడ్జిమెంట్ గొప్పది" అన్న మాట ఎవరి స్నేహితుడి గురించైనా చెప్పొచ్చు. నా వాదన ఎక్కడైనా జారితే ఇక్కడే జారుతుందని నాకు తెలుసు. అందుకే అంకెలు తీసేయమని నేను అనను.

అడిగేది చిన్నది. యాంటెన్నా ప్రొఫెసర్ ప్రమోషన్‌కు వచ్చినప్పుడు అయిదు మంచి పేపర్లు పెట్టమంటారు కదా, వాటిలో కొలత ఉన్న ఒకదానికి ముడి డేటా, కొలిచిన ఏర్పాటు ఫోటో జతచేయమనండి. కేబుల్ ఎక్కడుంది, చోక్ (ఫెర్రైట్ పూసల్లాంటి అడ్డు) ఉందా, ఎఫిషియెన్సీ కొలిచారా లేక సిమ్యులేషన్ నుంచి తెచ్చారా అన్నది ఆ రంగం తెలిసిన బయటి నిపుణుడు పావుగంటలో చెబుతాడు. రెండోది, వ్యాఖ్యలుగా వచ్చిన చిన్న రాతలను, తమ పాత ఫలితాన్నే తామే సరిదిద్దుకున్న పేపర్లను మామూలు పేపర్లతో సమానంగా వేయండి. ఇప్పుడు వాటిని చాలా చోట్ల లెక్కలోకే తీసుకోరు. మూడోది విద్యార్థుల థీసిస్‌లు. పేపర్లను కుట్టిన కట్టగా కాకుండా, పనిచేయని డిజైన్ల మీద ఒక అధ్యాయం ఉండే తీరు ఏ గైడ్ దగ్గరైనా ఉంటే, అది చూసి మార్కులు వేయండి. మా సీనియర్ లాంటివాళ్ళు కట్టిన బిల్లులో కొంతైనా అప్పుడు వాళ్ళకే తిరిగి జమ అవుతుంది.

ఇది పంపించి చదవమంటే, ఆ యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి రెండింటికీ సరే అంది. మూడోదానికి ఒప్పుకోలేదు. పనిచేయని డిజైన్ల అధ్యాయం కూడా రెండేళ్ళలో ఒక ఫార్మాట్ అయిపోతుందట, దానికీ ఒక టెంప్లేట్ చేతులు మారుతుందట. అవ్వచ్చు. టెంప్లేట్‌లో కేబుల్‌కు ఒక గడి పెట్టమని చెప్పాను.